మూడో సిలిండర్

నవంబరులో ఒక శనివారం ఉదయం, నేలకి రెండు వేల అడుగుల ఎత్తున, నా విమానం ఇంజిన్ వణకడం మొదలెట్టింది. ఆగిపోలేదు. ఆగిపోతే ఏం చెయ్యాలో నేర్పారు, నిద్రలో లేపి అడిగినా చెప్తాను. ఇది వణుకుతూ తిరుగుతోంది. సీటు, పెడళ్లు, నా పళ్లు అన్నీ కలిసి అదురుతున్నాయి.

డాలస్‌కి ఉత్తరాన, కంట్రోల్ టవర్ లేని ఓ చిన్న విమానాశ్రయం మాది. విమానం రెండు సీట్లది, అల్యూమినియంది. కిట్ తెచ్చుకుని గ్యారేజీలో కట్టాను. ఇంజిన్ మాత్రం సెకండ్‌హ్యాండ్. నాలుగు సిలిండర్లు, గాలికి చల్లబడే రకం. నేను రివెట్లు కొట్టుకుంటున్నంత కాలం అది ఓ మూల పెట్టెలో ఉండిపోయింది. ఇలా సొంతంగా కట్టుకున్న విమానానికి అమెరికా విమానయాన సంస్థ ఎఫ్‌ఏఏ ముందు పరీక్షా దశ పెడుతుంది. సర్టిఫికెట్ ఉన్న ఇంజిన్, ప్రొపెల్లర్ జోడీ అయితే మామూలుగా 25 గంటలు, లేకపోతే 40. అన్ని గంటలూ సరదాకి ఎవర్నీ ఎక్కించుకోకూడదు. నాది 40 గంటల లెక్క. ఆ రోజుకి అందులో సగం కూడా కాలేదు.

చెయ్యాల్సినవి చేశాను. కార్బ్యురేటర్‌కి వేడిగాలి ఇచ్చాను. లోపల మంచు పట్టి ఉంటే ముందు ఇంకాస్త గరగరలాడి, ఆ తర్వాత కుదుటపడాలి. కుదుటపడలేదు. ట్యాంకు మార్చాను. బూస్టు పంపు వేశాను. మిక్శ్చర్ పూర్తిగా ముందుకి తోశాను. మిగిలింది ప్లగ్గులకి నిప్పురవ్వ ఇచ్చే మాగ్నెటోలు. తాళం తిప్పి ఒక్కోదాని మీద నడిపి చూడాలి. తాళం మీద చెయ్యి వేశాను గానీ తిప్పలేకపోయాను. తిరుగుతున్నది కాస్తా ఆగిపోతుందేమోనని భయం. త్రాటిల్ తగ్గించి రన్‌వే వైపు తిరిగాను.

టవర్ లేని చోట ఎవరి జాడ వాళ్లే రేడియోలో చెప్పుకోవాలి. నా విమానం నంబరు నాకే గుర్తు రాలేదు. ఎదురుగా పానెల్ మీద అంటించి ఉంది, చూసి చదివాను. "ఇంజిన్ బాగాలేదు, నేరుగా దిగుతున్నాను" అనడానికి రెండుసార్లు గొంతు సవరించుకున్నాను. అప్పుడు దిగబోతున్న శిక్షణ విమానంలో ఓ మహిళా ఇన్‌స్ట్రక్టర్ ఉన్నారు. "రన్‌వే నీదే, మేం పక్కకి పోతున్నాం" అని, గాలి ఎటునుంచి ఎంత వీస్తోందో చెప్పారు. కాసేపాగి, అడక్కుండానే మళ్లీ చెప్పారు. ఆమె గొంతు పట్టుకునే దిగాను. తర్వాత వెతుక్కుంటూ వెళ్లి కృతజ్ఞత చెప్పాను.

హ్యాంగర్ దగ్గరికి నడిపించుకొచ్చేసరికి ఇంజిన్ నున్నగా తిరుగుతోంది. అసలు కష్టం అక్కడ మొదలైంది.

పక్క హ్యాంగర్‌లో రిటైరైన మెకానిక్ ఒకాయన ఉంటారు. ఎనభైకి దగ్గరపడ్డ మనిషి. నేను బెల్టు విప్పకుండా లోపలే కూర్చుండిపోవడం చూసి వచ్చారు. ఏమైందని అడగలేదు. "ఇంజిన్ మానిటర్ రికార్డు చేసిందా?" అన్నారు. చేసింది. ఆ సాయంత్రం లాప్‌టాప్‌లో గీతలు చూశాం. మూడు సిలిండర్ల ఎగ్జాస్ట్ వేడి మామూలుగానే ఉంది. మూడో నంబరుది మాత్రం ఒక్కసారిగా కిందకి పడి, నేను త్రాటిల్ తగ్గించిన కొంతసేపటికి మళ్లీ పైకి లేచింది.

ఆయన వేళ్ల మీద తేల్చారు. కార్బ్యురేటర్ ఒక్కటే, నాలుగింటికీ అదే పెడుతుంది. పెట్రోలుకి అడ్డం పడితే అన్నీ దెబ్బతినాలి. సిలిండరుకి రెండు ప్లగ్గులు. ఒకటి చస్తే మంట నెమ్మదిగా పాకి, ఎగ్జాస్ట్ వేడి పడిపోదు, పెరుగుతుంది. రెండూ ఒకేసారి చచ్చి ఒకేసారి బతకడం జరిగే పని కాదు. మిగిలింది వాల్వు.

అయినా ఆదివారం అన్నీ చూశాం. ట్యాంకుల అడుగునుంచి పెట్రోలు తీస్తే నీటి బొట్టు లేదు. నేలమీద ఇంజిన్ నడిపి చూస్తే మాగ్నెటోలు రెండూ బాగున్నాయి. సిలిండర్లలోకి 80 పౌండ్ల ఒత్తిడితో గాలి పంపితే మూడో నంబరు 76 నిలబెట్టింది. ఏదో ఒకటి పాడై ఉంటే బాగుండేది. అన్నీ బాగుంటే మళ్లీ ఎక్కాల్సింది నేనే కదా.

ఆ వారం ఆఫీసులో ఎవరడిగినా వాతావరణం బాగాలేదని చెప్పాను. ఆకాశం అద్దంలా ఉంది. ఇంట్లో "చిన్న రిపేరు" అన్నాను. రాత్రిళ్లు వాషింగ్ మెషీన్ స్పిన్‌కి ఉలిక్కిపడి లేచేవాణ్ని.

తర్వాతి శనివారం నీళ్లు గడ్డకట్టే చలి. ఆయన పొద్దున్నే రమ్మన్నారు. "వేడి చెయ్యొద్దు, అలాగే స్టార్ట్ చెయ్యి" అన్నారు. చేశాను. అదే వణుకు. అర నిమిషం ఉండి పోయింది. ఆయన ఎగ్జాస్ట్ గొట్టం దగ్గర నిలబడి తల ఊపారు. నాకు ఏడుపొచ్చింది. సంతోషంతోనే.

బిగుసుకుంటున్నది ఎగ్జాస్ట్ వాల్వేనన్నమాట. 100ఎల్‌ఎల్ అనే విమానం పెట్రోలులో ఇప్పటికీ సీసం ఉంటుంది. ఆ సీసం మడ్డి, కాలిన నూనె కలిసి ఎగ్జాస్ట్ వాల్వు కాడకి, అది జారే గైడుకి మధ్య పేరుకుంటాయి. అక్కడుండే సందు అంగుళంలో కొన్ని వేల వంతులు. నిమిషానికి 2400 చుట్ల దగ్గర ఆ వాల్వు సెకనుకి 20 సార్లు తెరుచుకుని మూసుకోవాలి. బిగుసుకుంటే తెరుచుకునే ఉండిపోతుంది, ఆ సిలిండరు పనిచెయ్యదు. మూసుకున్నప్పుడు బిగుసుకుంటే పుష్‌రాడ్ వంగిపోతుంది. అది నాకు జరగలేదు.

మర్నాడు సిలిండరు విప్పకుండానే బాగుచేశాం. ముందు తాళం తీసి ఆయన జేబులో వేసుకున్నారు. ప్లగ్గులన్నీ ఊడదీశాం. ప్లగ్గు కన్నంలోంచి నైలాన్ తాడు దూర్చి, పిస్టన్ పైకొచ్చి తాడుని వాల్వు మీద ఒత్తేదాకా ప్రొపెల్లర్‌ని చేత్తో తిప్పాం. అలా వాల్వుని కింద పడకుండా ఆపి స్ప్రింగు తీశాం. తాడు లాగేసి, వాల్వుని సిలిండర్లోకి దించి, గైడులో గ్రీజు రాసిన రీమర్ తిప్పితే నల్లటి పొడి వచ్చింది. వాల్వుని మళ్లీ గైడులోకి ఎక్కించడానికే మధ్యాహ్నమంతా పట్టింది. ఇర్వింగ్‌లో ఉండే మా పిన్ని కొడుకు పులిహోర తెచ్చి, ఇంజిన్ గురించి ఒక్క ముక్క తెలియకపోయినా, టార్చి పట్టుకుని నిలబడ్డాడు. "అన్నయ్యా, కాస్త ఎడమకి" అని వాల్వు కాడని ముందు చూసింది వాడే. మిగతా మూడూ చూస్తే ఒకటో నంబరు కూడా బిగువుగానే ఉంది. దాన్నీ శుభ్రం చేశాం.

మళ్లీ ఎగిరిన రోజు రన్‌వే పైనే, జారుకుంటూ దిగగలిగే దూరంలోనే గుండ్రంగా తిరిగాను. నాలుగు గీతలూ తిన్నగా ఉన్నాయి. అయినా ప్రతి చుట్టులో ఏదో చప్పుడు వినిపించింది. దిగాక డేటా చూస్తే ఏమీ లేదు. మీకూ ఇలాంటిది జరిగితే, మొదటి పూటే రికార్డు దించి దాచుకోండి. నేలమీద ఇంజిన్ బాగుందని మీ బుర్ర మిమ్మల్ని నమ్మించే లోపు.

ఇప్పుడు చలిలో స్టార్ట్ చేసినప్పుడల్లా ఆ మొదటి అర నిమిషం ఊపిరి బిగబట్టి వింటాను. ఆయన కూడా ఏదో పని ఉన్నట్టు బయటికొచ్చి నిలబడతారు.

"నన్నెప్పుడు ఎక్కిస్తావు?" అని మా ఆవిడ రెండు మూడుసార్లు అడిగింది. పరీక్ష గంటలు పూర్తవ్వాలి, రూలు అలా ఉంది అన్నాను. ఆ గంటలు కిందటి నెల పూర్తయ్యాయి. ఆ సంగతి ఆమెకి ఇంకా చెప్పలేదు.