సడలిన మర

తిరునాళ్ళలో బుడగలు కొట్టించి పొట్టపోసుకొనే ఒకడు, గుంటూరు–తెనాలి దారిలోని వడ్లమూడిలో ఒక వృద్ధ వడ్రంగిని ఆశ్రయించాడు. అతని గాలి తుపాకీ గొట్టాన్ని చెక్కకు పట్టి ఉంచే మరమేకు సడలినప్పుడల్లా బలంకొద్దీ బిగించగా, చెక్కలోని రంధ్రం అరిగిపోయింది. పట్టు సడలితే గురి తప్పుతుంది. గురి తప్పితే గిరాకీ తప్పుతుంది. కోటప్పకొండ తిరునాళ్ళకు రెండు రోజులే గడువు.

"ఇంతకంటె లావు మరమేకు బిగించండి పెద్దయ్యా!" అని అతడు తొందరపడ్డాడు.

"బలంతో చెడినదాన్ని బలంతో బాగుచేయబోతే చెక్క చీలుతుంది నాయనా!" అన్నాడు వడ్రంగి.

అగ్గిపుల్లలు కుక్కి సరిపెట్టడానికి కూడా ఆయన సమ్మతించలేదు. తుపాకీలో గుండు లేదని సరిచూసి చెక్కను విడదీశాడు. మంచి కొయ్య కనిపించేదాకా బరమాతో రంధ్రాన్ని తొలిచాడు. నల్లతుమ్మ బిరడాకు జిగురు పూసి అందులో దిగగొట్టి, ఒక రోజంతా ఆరనిచ్చాడు. మరునాడు బిరడా నడుమ మరమేకు కంటె సన్నని రంధ్రం చేశాడు. మరమేకుకు మైనం రాసి, మెల్లగా తిప్పి, పట్టు చిక్కగానే చేయి ఆపాడు.

2012 లండన్ ఒలింపిక్స్‌లో హైదరాబాదు క్రీడాకారుడు గగన్ నారంగ్‌కు 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ పోటీలో కాంస్య పతకం లభించింది. ఒలింపిక్ వేదికైనా, తిరునాళ్ళ అంగడైనా గురికి ఆధారం చలించని పట్టే. బిగించడం బలమున్న వారందరికీ తెలుసు. ఎక్కడ ఆపాలో తెలిసినవాడే పనివాడు.