అరకోటి అక్షరముల యంత్రము

కాలిఫోర్నియాలోని మౌంటెన్ వ్యూ నగరమందలి కంప్యూటర్ హిస్టరీ మ్యూజియమును చూడవలెనను కోరిక నాకు చిరకాలముగా నుండగా, ఆ ప్రాంతముననే ఉద్యోగము చేయుచున్న మా మేనల్లుడు ఒక మధ్యాహ్నము నన్ను వెంటబెట్టుకొని పోయెను. అబాకసులు, స్లైడు రూళ్లు మొదలుకొని అందు లేనిది లేదు. అన్నిటిని చప్పున దాటి, 1956లో ఐబీఎం సంస్థ లోకమునకు పరిచయము చేసిన రేమాక్ అను డిస్కు యంత్రము కడ నిలిచిపోతిని.

నిలువు ఇరుసునకు గ్రుచ్చిన, రెండడుగుల వ్యాసము గల అల్యూమినియం రేకులు ఏబది. అవి నిమిషమునకు 1,200 చుట్లు తిరుగుచుండ, ఒక్క బాహువు పైకిని క్రిందికిని ఉరికి, కోరిన రేకు కడ టక్కున ఆగి, ఊదిన గాలి కల్పించు సన్నని ఎడముతో దాని ముఖమును తాకకయే లోనికి చొచ్చి చదువును. ఒక్కొక్క రేకునకు ముఖములు రెండు, ముఖమునకు వలయములు నూరు, వలయమునకు అక్షరములు ఐదువందలు. వెరసి ఏబది లక్షలు. అయితే అవి ఆరు బిట్ల అక్షరములగుటచే, ఎనిమిది బిట్లను బైటుగా గణించు నేటి మానమున ఆ మహాయంత్రము ధరించునది 3.75 మెగాబైట్లు మాత్రమే.

“మామయ్యా, ఒక టెరాబైటు డిస్కు కొని పెడితే విండోస్‌లో 931 జీబీ అనే చూపిస్తుంది. మిగతాది దుకాణంవాడు కొట్టేశాడని మా పక్కింటాయన ఒకటే గొడవ” అని వాడు నవ్వెను. దుకాణదారు తప్పేమియు లేదు. అతడు వేయేసి చొప్పున హెచ్చించును, విండోస్ 1,024 చొప్పున భాగించును. కచ్చా శేరు, పక్కా శేరు తగవే గాని ఒక్క బైటైనను పోలేదు. 1998లో అంతర్జాతీయ విద్యుత్సాంకేతిక సంఘమువారు రెండవదానికి కిబిబైటు, మెబిబైటు మున్నగు వేరు పేర్లు పెట్టినను బజారులో వానిని పలుకువారరుదు. నాకు కోపమెల్ల ఫ్లాపీపైననే: 14,74,560 బైట్లను ఒకమారు 1,024 చేతను, మరొకమారు వేయి చేతను భాగించి, ఏ మానమునకును చెందని 1.44 మెగాబైట్లని దానిపై అచ్చొత్తిరి!

ఫలహారశాలలో కూర్చుండి, వాని మాక్ ల్యాప్‌టాపున “శ్రీ” అని మాత్రము వ్రాసి దాచి చూచితిమి. పన్నెండు బైట్లు, డిస్కుపై 4 కేబీ అని చూపెను. శకారము, పొల్లు, రేఫము, ఈకారము అను నాలుగు సంకేతములకును యూటీఎఫ్-8 పద్ధతిని మూడేసి బైట్లు; ఇంగ్లీషు లిపిలోనైన మూడక్షరములకు మూడే. ఇక డిస్కు మీద చోటు 4,096 బైట్ల గళ్లుగా పంచబడుటచే, ఎంత చిన్న ఫైలైనను ఒక గడి నాక్రమించును.

అంతట నాకు రామకోటి స్ఫురించెను. “శ్రీరామ”కు ఇరువదియొక్క బైట్లు. నడుమ ఖాళీ విడువక కోటి పర్యాయములు వ్రాసిన 210 మెగాబైట్లు. దానికి సరిగా ఏబదియారు రేమాకులు కావలెను. ఈ లెక్క నేను సగర్వముగా వినిపింపగా, “ఒకే మాట కోటిసార్లు కదా మామయ్యా, జిప్ చేస్తే ఒక్క ఎంబీ కూడా రాదు” అని వాడు తేలికగా తేల్చివేసెను. ఈ మాట మీ అమ్మమ్మ చెవిని వేయకుమని చెప్పితిని.