అవ్వ పాటలు ఎక్కడికీ పోలేదు

మా కోలారు ఇంట్లో తెలుగు నోట్లోనే ఉంది, రాత అంతా కన్నడమే. అందుకే అవ్వ పాడిన పెళ్లిపాటలు రికార్డు చేసి ఇంటి నెట్‌వర్క్ డ్రైవ్‌లో పెట్టినాము. ఆ ఫోల్డరు పేరు కూడా కన్నడ లిపిలోనే ఉంది.

చిన్నాయన కొత్త ల్యాప్‌టాప్ కొన్నాక ఆ ఫోల్డరు తెరుచుకోలేదు. "పాటలన్నీ పోయినట్లుంది, డ్రైవ్‌ను రీసెట్ చేసేదా?" అని అడిగినాడు. "వద్దు చిన్నాయనా, తాళు" అన్నాను.

నా పనే టెస్టింగు కదా, ఒక్కో మెట్టు చూసుకుంటూ పోయినాను. డ్రైవ్ ఐపీ అడ్రసుకు పింగ్ చేస్తే జవాబు వచ్చింది. అంటే నెట్‌వర్క్ బాగుంది. పేరుకు బదులు ఐపీ అడ్రసు కొట్టినా తెరుచుకోలేదు. అంటే చిక్కు పేరుది కాదు. నా లాగిన్‌తో మాత్రం తెరుచుకుంది, పాటలన్నీ ఉన్నాయి. ఇన్నాళ్లూ చిన్నాయన పాస్‌వర్డు లేకుండా గెస్ట్‌గా పోతుండేవాడు. విండోస్ 11 ప్రో 24హెచ్2 మామూలుగా గెస్ట్ ప్రవేశాన్ని ఒప్పుకోదు. అవతల ఉండేది మన డ్రైవేనా, ఇంకెవరిదైనానా అని గెస్ట్ లాగిన్‌లో తేల్చుకోలేము.

ఆ సెట్టింగు సడలించొచ్చు, కానీ నేను సడలించలేదు. ఇంట్లో ఒక్కొక్కరికీ వేరే యూజర్ పేరు, పాస్‌వర్డు పెట్టి, చదివే అనుమతి మాత్రమే ఇచ్చినాను. ఇక పొరపాటున కూడా వాళ్ల చేతుల్లో పాట చెరిగిపోదు. ఇంకో కాపీ వేరే హార్డ్‌డిస్కులో దాచినాను.

మన పిల్లలకు తెలుగు చదవను రాకపోవచ్చు, వినను వస్తుంది. మీ ఇంట్లోనూ ఫోల్డరు తెరుచుకోకపోతే రీసెట్ బటన్ జోలికి పోకండి. ముందు ఈ మెట్లు చూడండి.