గాలా? నీళ్ళా?

ఇరవై ఏళ్ళుగా కళాశాలలో తెలుగు పాఠాలు చెప్పుకుని బతుకుతున్నవాణ్ణి. ప్రబంధాలలో గ్రీష్మ వర్ణన వచ్చినప్పుడల్లా ఎండను గురించి గంటసేపు ధారాళంగా మాట్లాడగలను. అయితే వేడి ఎక్కడ పుట్టి ఎక్కడికి పోతుందన్న సంగతి మాత్రం నలభై ఏడో ఏట, మావాడి పుణ్యమా అని తెలుసుకోవలసి వచ్చింది. ఆ కథ మీతో చెప్పుకుంటే తప్ప నా మనసు చల్లబడేటట్టు లేదు.

మాది విజయవాడ. సత్యనారాయణపురంలో నాన్నగారు కట్టించిన పాత డాబా. కింద మేమిద్దరం, మా అమ్మ. మేడమీద ఒకే ఒక్క గది, అది మావాడిది. పదో తరగతిలో "చదువుకోడానికి ఏకాంతం కావాలి నాన్నా" అని మేడ ఎక్కినవాడు, ఇంటర్మీడియట్ పూర్తయ్యేదాకా తిండికి తప్ప కిందికి దిగలేదు. అర్ధరాత్రి మంచినీళ్ళకని లేచి చూస్తే పైనుంచి మెట్లమీదికి నీలం వెలుతురు పడుతూ ఉండేది. "ఇంకా పడుకోలేదుట్రా?" అని కేకేసేవాణ్ణి. "పడుకుంటున్నా నాన్నా" అని జవాబు వచ్చేది. ఆ రెండేళ్ళలో మా తండ్రీకొడుకుల సంభాషణ ఇంతకు మించి సాగిన రోజులు వేళ్ళమీద లెక్కపెట్టవచ్చు. సాగినా, అది ఫీజుల గురించే.

2024 వేసవిలో, రోహిణి కార్తె రోళ్ళు పగలగొడుతున్న ఒక మధ్యాహ్నం, మేడమీద నుంచి పెద్ద కేక వినిపించింది. పాము కాబోలు అనుకుని కర్ర పట్టుకుని పరిగెత్తాను. పాము కాదు, కంప్యూటరు ఆగిపోయింది. అది మా బావమరిది వాడుకుని వదిలేసిన పాత పెట్టె. మావాడూ, వాడి స్నేహితులు నలుగురూ తలొక ఊళ్ళో కూర్చుని ఏదో పోటీ ఆడుతున్నారట. చివరి ఆట. ఇంకో రెండు నిమిషాలు నిలబడితే గెలిచేవారట. పెట్టెమీద చెయ్యివేసి చూశాను. అట్లపెనంలా ఉంది.

"వేడెక్కి తనంతట తానే ఆగిపోయింది నాన్నా" అన్నాడు. కళ్ళలో నీళ్ళున్నాయి.

ఆటకోసం ఏడుపేమిటని నవ్వు రాబోయింది. అంతలోనే, నలుగురు స్నేహితులు వీణ్ణి నమ్ముకుని ఓడిపోయారు గదా అని తట్టింది. మాట్లాడకుండా కర్ర పట్టుకుని దిగి వచ్చాను.

ఇంటరు మంచి మార్కులతో గట్టెక్కితే కొత్తది కొంటానని అంతకు ముందే నోరుజారి ఉన్నాను. గట్టెక్కాడు. పండుగలకు తాతయ్య ఇచ్చిన డబ్బూ, పక్కింటి పిల్లలకు లెక్కలు చెప్పి సంపాదించిన డబ్బూ కలిపి వాడి దగ్గర ఇరవై వేలున్నాయి. తక్కిన డెబ్బై వేలూ నావి. మర్నాడే ఒక తెల్లకాగితం తెచ్చి నా ముందు పెట్టాడు. ప్రాసెసరు - ఏ.ఎం.డి. రైజెన్ 5 7600ఎక్స్. గ్రాఫిక్స్ కార్డు - ఎన్విడియా ఆర్.టి.ఎక్స్. 4060. ఆ కిందివన్నీ కూడా పద్దుపుస్తకంలోలాగా ధరలతో సహా వరసగా ఉన్నాయి. చివరి పంక్తిలో మాత్రం 'కూలరు' అని రాసి, ఎదురుగా ఖాళీ వదిలాడు.

"ఇది రాయలేదేం?"

"అక్కడే తేలటం లేదు నాన్నా. గాలిదా, నీళ్ళదా అని."

నవ్వకండి మరి. కూలరనగానే నా కళ్ళకు మా వరండా కిటికీ దగ్గర గడ్డితడికల ఇనపడబ్బా కనిపించింది. "మనకున్నది చాలదుట్రా?" అన్నాను. వాడు నెత్తి కొట్టుకోలేదు. అంతవరకు సంస్కారం ఉంది.

భోజనాల దగ్గర ఈ ప్రశ్న ఇంటిల్లిపాదికీ పాకింది. "నీళ్ళదే తీసుకో నాయనా! కూజాలోని చల్లదనం విసనకర్రకు వస్తుందా?" అంది మా అమ్మ. "నీళ్ళూ, కరెంటూ ఒకే పెట్టెలోనా? చూస్తూ చూస్తూ ఇంట్లోకి తెస్తారా మీరు?" అంది మా ఆవిడ. నేను మా అమ్మ పక్షం. నాది శాస్త్రజ్ఞానం కాదు, దురభిమానం. మా కళాశాలలో ఫిజిక్సు చెప్పే మిత్రుడొకాయన వాళ్ళబ్బాయికి నీళ్ళ కూలరున్న కంప్యూటరు కొన్నాడు. ఒకసారి చూసి వచ్చాను. అద్దాల పెట్టె, లోపల రంగురంగుల దీపాలు, మూడు ఫ్యాన్లు - అచ్చం దసరా బొమ్మల కొలువే. మావాడికి అంతకన్న తక్కువది కొంటే నేను తెలుగు మాస్టారినని మరొకసారి రుజువైపోతుందని లోపల్లోపల బాధ.

గవర్నరుపేటలో నా దగ్గర చదువుకున్న కుర్రవాడు కంప్యూటర్ల కొట్టు పెట్టుకున్నాడు. వెళ్ళి అడిగాను. "గాలిది నాలుగువేల లోపల మంచిది వస్తుంది మాస్టారూ. నీళ్ళది మూడు ఫ్యాన్లదైతే పదివేలు పైమాటే" అన్నాడు. నీళ్ళ కూలరు బిగించేటప్పుడు రేడియేటరు పంపుకన్న ఎత్తులో ఉండాలనీ, లేకపోతే గాలిబుడగలు పంపులో చేరి గలగలమంటాయనీ కూడా చెప్పాడు. ఏది కొనమంటావని అడిగితే, "అబ్బాయికే బాగా తెలుస్తుంది, ఆయన్నే అడగండి" అన్నాడు. కొడుకును అడిగి తెలుసుకోమని శిష్యుడు చెప్పవలసి వచ్చిందన్నమాట!

ఆ రాత్రి కరెంటు పోయింది. చాప తీసుకుని డాబామీదికి వెళ్ళాను. గదిలో ఉక్కకు తాళలేక వాడూ వచ్చి చాపమీద ఒక మూల కూర్చున్నాడు. "ఏదీ, నీ కూలరు సంగతి మొదటినుంచీ చెప్పు" అన్నాను. నేను నిజంగానే అడుగుతున్నానా అన్నట్టు ఒకసారి నా ముఖంకేసి చూసి మొదలుపెట్టాడు.

ప్రాసెసరు ఇంచుమించు అగ్గిపెట్టెంత బిళ్ళ. వాడు కొనబోయేది 105 వాట్ల రకం. అంత వేడి ఆ కాస్త చోటులోనే పుడుతుంది. 95 డిగ్రీలకు చేరిందంటే తనను కాపాడుకోవడానికి తానే వేగం తగ్గించుకుంటుంది. అందుకని వేడిని ఎప్పటికప్పుడు అక్కణ్ణించి మోసుకుపోవాలి. గాలి కూలరులో కింద రాగి పళ్ళెం, దానినుంచి లేచిన రాగి గొట్టాలు, గొట్టాలకు గుచ్చిన పలుచని అల్యూమినియం రేకులు, వాటిమీదికి వీచే ఫ్యాను ఉంటాయి.

"గొట్టాలు ఉత్త రాగేనా?" అన్నాను.

"కాదు నాన్నా. వాటిల్లో నీళ్ళుంటాయి!"

నాలుగు చుక్కల నీళ్ళు పోసి, గాలి తీసేసి, గొట్టం మూసేస్తారట. లోపల ఒత్తిడి లేదు గనుక కొద్దిపాటి వేడికే నీళ్ళు ఆవిరైపోతాయి. ఆ ఆవిరి పైకొసకు పోయి, అక్కడ వేడిని వదిలి, మళ్ళీ నీళ్ళవుతుంది. గొట్టం లోపలి పూత ఆ నీళ్ళను, ప్రమిదలో వత్తి నూనె పీల్చినట్టు పీల్చి, మళ్ళీ కిందికి చేరుస్తుంది. అమెరికాలో లాస్ అలమోస్ ప్రయోగశాలలో జార్జి గ్రోవరనే ఆయన 1963లో ఇటువంటి గొట్టం చేసి చూపాడట. ఇక నీళ్ళ కూలరు. ప్రాసెసరుమీద చిన్న పంపు కూర్చుని, గ్లైకాల్ కలిపిన నీళ్ళను రబ్బరు గొట్టాలగుండా రేడియేటరుకు తోస్తుంది, కారులో మాదిరిగా. అక్కడ ఫ్యాన్లు చల్లబరుస్తాయి.

"అక్కడ మళ్ళీ గాలేనా?"

"గాలే."

తెల్లబోయాను. గాలిదన్నదాని కడుపులో నీళ్ళున్నాయి. నీళ్ళదన్నది చివరకు గాలి కాళ్ళు పట్టుకోవలసిందే. ఈ పేర్లు పెట్టినవాళ్ళెవరోగాని వ్యుత్పత్తి ఆలోచించలేదు.

"మరి పదివేలు పోసి నీళ్ళది కొనేవాళ్ళంతా అమాయకులేనా?" అన్నాను. కాదట. నీళ్ళు, అంతే పరిమాణం గల గాలికన్న మూడువేల రెట్లకు పైగా వేడిని పట్టగలవు. తొందరగా వేడెక్కవు గనుక ఫ్యాను మాటిమాటికీ గోల చెయ్యదు. ఇంటెల్ వారి కోర్ ఐ9 14900కె లాంటి ప్రాసెసరు 253 వాట్లదాకా తాగుతుంది; వీడియోలు తయారుచేసేవాళ్ళు దానిచేత గంటల తరబడి చాకిరీ చేయించాలంటే పెద్ద రేడియేటరు కావలసిందే. 1985లో వచ్చిన క్రే-2 అనే మహాయంత్రాన్నయితే ఏకంగా ఒక ద్రవంలో ముంచే ఉంచారట. "కాని మన 7600ఎక్స్‌కు ఆటల్లో అంత పని ఉండదు. పైగా పంపు ఒక యంత్రం నాన్నా, ఏదో ఒకనాడు ఆగుతుంది. రబ్బరు గొట్టాల్లోంచి ఏళ్ళ తరబడి నీళ్ళు ఇగిరిపోతాయి, చాలావాటిల్లో మళ్ళీ పోసుకునే వీలుండదు. గాలిదానిలో చెడితే ఫ్యాను చెడుతుంది. వెయ్యి రూపాయలకు కొత్తది వస్తుంది." గాలిదానికీ లోపాలు లేకపోలేదు: పెద్దవి కిలో పైన బరువుండి మదర్‌బోర్డుకు వేలాడుతుంటాయి, పెట్టెను ఊళ్ళు తిప్పేవాళ్ళకు అది చిక్కు.

పాఠం బాగుంది. ఎక్కడ ఆపాలో, ఎక్కడ ఉపమానం వెయ్యాలో వాడికి తెలుసు. నా కొడుక్కు పాఠం చెప్పడం వచ్చునని ఆ చీకట్లో మొదటిసారి తెలిసింది.

"ఇంత తెలిసినవాడివి, మరి ఎందుకు తేలలేదురా?"

కాసేపు మాట్లాడలేదు. "ఫిజిక్సు మాస్టారి వాళ్ళది చాలా బాగుందని నువ్వు అమ్మతో అన్నావుగా. నేను గాలిది అడిగితే, మీ డబ్బుకోసం తగ్గించుకున్నాననుకుని బాధపడతావేమోనని..." అన్నాడు.

కరెంటు లేకపోవడం మంచిదైంది. నా ముఖం వాడికి కనిపించలేదు.

మాట మార్చడానికే అడిగాను: "సరే, గాలిదో నీళ్ళదో, ఆ వేడిని ఊదేసిన తరవాత అది ఎక్కడికి పోతుంది?"

"గదిలోకి."

"గదిలోంచి?"

వాడు జవాబు చెప్పలేదు. రాత్రి తొమ్మిదైనా చాపకింద శ్లాబు ఇంకా కాలుతోంది. దానికిందే వాడి గది. కొత్త కంప్యూటరు, తెర, అన్నీ కలిసి మూడువందల వాట్లు. అంటే గది నడుమ పాతకాలపు నూరు వాట్ల బల్బులు మూడు వెలిగించి తలుపు వేసుకోవడమే. "ఏ కూలరైనా గదిలోని గాలికన్న చల్లగా చెయ్యలేదు నాన్నా" అని ఒప్పుకున్నాడు. గది నలభై రెండులో ఉంటే లెక్క నలభై రెండునుంచే మొదలవుతుంది. యంత్రం గతి అలా ఉంచండి; రెండు వేసవులు మా పిల్లవాడు ఆ గదిలోనే తలుపులు మూసుకుని కూర్చున్నాడు. కూలరుకు ముందు గది మారాలని ఇద్దరికీ ఒక్కసారే తోచింది.

కింద ముందుగది ఉత్తరపు కిటికీ గలది. ఉన్నంతలో అదే చల్లన. కాని అక్కడ నేను పరీక్ష పేపర్లు దిద్దుకుంటాను. సంధి షరతులు రాసుకోవలసి వచ్చింది. ఆడుతుండగా నేను వెనక నిలబడకూడదు. "గెలిచావా?" అని అడగకూడదు. వచ్చిన చుట్టాలకు చూపించకూడదు. మూడింటికీ ఒప్పుకున్నాను. రాత్రి పదకొండుకు కట్టేస్తానన్నది మాత్రం వాడంతట వాడే చేర్చాడు.

గాలి కూలరే కొన్నాం, మూడువేల ఎనిమిది వందలకు. మిగిలిన డబ్బుతో ముందువైపు జల్లెడలా గాలి ఆడే మంచి కేబినెట్టూ, ముందుగది కిటికీకి ఎగ్జాస్టు ఫ్యానూ వచ్చాయి. కూలరు ఎత్తు 155 మిల్లీమీటర్లు, కేబినెట్టులో చోటు 165 అని కాగితాలమీద ఉన్నా, మా ఆవిడ కుట్టుమిషను టేపుతో నేను మళ్ళీ కొలిచాను. బిగించే రోజున టార్చిలైటు పట్టుకోవడం నా పని. వాడు ప్రాసెసరుమీద బఠాణీ గింజంత పేస్టు పెట్టి కూలరు ఆనించబోతున్నాడు. అచ్చులో ఉన్నది ఏదైనా చదవడం నాకు అలవాటు.

"ఆగరా! అడుగున ఏదో పొర ఉంది. బిగించేముందు తీసివేయమని రాశారు" అన్నాను.

వాడు నాలిక కరుచుకున్నాడు. ఆ పలుచని ప్లాస్టిక్ పొర ఉండిపోయినట్టయితే, గాలిదైనా నీళ్ళదైనా ఒకటేనట. వేడి కూలరుకు సరిగా ఎక్కదు. ఎం.ఏ. తెలుగుకు కంప్యూటరు శాస్త్రంలో కూడా ఆపాటి ఉపయోగం ఉందని సవినయంగా మనవి చేసుకుంటున్నాను.

బయట నలభై నాలుగు డిగ్రీలున్న మధ్యాహ్నం ముందుగదిలో ముప్ఫై ఏడుంది. ఆట నడుస్తుండగా ప్రాసెసరు డెబ్బై రెండు దాటలేదు. ఎగ్జాస్టు ఫ్యాను తిరుగుతున్నా మా అమ్మ నమ్మక, పక్కన కుర్చీ వేసుకుని పెట్టెకు విసనకర్రతో విసిరింది. వెనక నిలబడకూడదన్న షరతు ఆవిడకు లేదు గదా. ఫిజిక్సు మిత్రుడు వచ్చి చూసి, "గాలేనా?" అన్నాడు. "గాలే" అని, రాగి గొట్టంలోని నీళ్ళ సంగతి వత్తితో సహా చెప్పాను. శ్రద్ధగా విన్నాడు. "ఎవరు చెప్పారండీ ఇంత బాగా?" అని అడిగాడు. "మా మాస్టారు" అన్నాను.

ఆ తరవాతి వేసవీ గడిచింది. వాడు నెలకొకసారి దుమ్ము దులుపుతాడు, నేను టార్చి పడతాను. మొన్నామధ్య ఒక రాత్రి పేపర్లు దిద్దుతూ ఉండిపోయాను. వాడు పదకొండుకు కంప్యూటరు కట్టేసి లేచి, గుమ్మం దగ్గర ఆగాడు.

"ఇంకా పడుకోలేదా నాన్నా?"

"పడుకుంటున్నానురా" అన్నాను.