పథ్యం

నాన్నగారికి క్లోమంలో కణితి ఉన్నదని తేలిన వేసవిలోనే విజయవాడలో శస్త్రచికిత్స చేయించాము. క్లోమం తలభాగం, ఆంత్రమూలం, పిత్తాశయం తీసివేసి, మిగిలినవాటిని తిరిగి కలిపే పెద్ద ఆపరేషన్ అది. 1935లో దానిని వైద్యలోకానికి వివరించిన అమెరికా వైద్యుడు అలెన్ విపుల్ పేరుతోనే నేటికీ పిలుస్తారు. గండం గడిచిందనుకున్నాము.

ఏడు నెలల తరువాత స్కానులో 'ఫ్యాటీ లివర్' అని వచ్చింది. జన్మలో మద్యం ముట్టని మనిషి. పైగా ఒళ్ళు సగమైపోయింది. ఆయన కాలేయానికి కొవ్వు ఎక్కడిది? నాకు తోచిన జవాబు ఒకటే: నెయ్యి. ఆ పూటే ముద్దపప్పులో నెయ్యి మాన్పించాను. గడ్డపెరుగు పోయి పలచటి మజ్జిగ వచ్చింది. ఆయన నోరెత్తలేదు. నెల తిరిగేసరికి చేతి గడియారం మోచేతి దాకా జారసాగింది.

మళ్ళీ చూపించినపుడు వైద్యుడు అడిగిన మొదటి ప్రశ్న, "భోజనంతో వేసుకోమన్న క్యాప్సూల్స్ వాడుతున్నారా?" అని. అరుగుదల మందే కదా అని, ఖరీదుకు వెనుకాడి, రెండో సీసా నేను కొననేలేదు.

ఆయన విడమరచి చెప్పారు. కొవ్వునూ మాంసకృత్తులనూ అరిగించే ఎంజైములు ముఖ్యంగా క్లోమం నుంచే రావాలి. అవి చాలకపోతే తిన్నది జిడ్డుగా బయటికి పోతుంది. కాలేయం తనలోని కొవ్వును బయటికి పంపాలంటే దానిని మోసే ప్రోటీన్లు కావాలి. ఒంటికి మాంసకృత్తులు అందక అవి కరువైతే, కొవ్వు అక్కడే పేరుకుంటుంది. ఈ ఆపరేషన్ అయిన కొందరిలో జరిగేది ఇదేనట. క్లోమం తీసివేసిన కుక్కలను ఇన్సులిన్‌తో బతికించినా వాటి కాలేయాలకు కొవ్వు పట్టిందనీ, పచ్చి క్లోమం తినిపిస్తే నయమైందనీ 1920లలోనే టొరంటో పరిశోధకులు గమనించారని తరువాత చదివాను.

"అంటే కాలువలో నీళ్ళున్నా శివారు చేనుకు అందటం లేదు. అంతేనా డాక్టరుగారూ?" అన్నారు నాన్నగారు. దివిసీమలో కాలువ చివర వ్యవసాయం చేసిన మనిషి మరి.

ఆ రాత్రి మొదటి ముద్దతో ఒక క్యాప్సూల్, భోజనం మధ్యలో మరొకటి. అమ్మ నేతిగిన్నె తెచ్చి నా వంక చూసింది. నేనే వడ్డించాను.

మూడు నెలలకు నాలుగు కిలోలు పెరిగారు. కాలేయంలో కొవ్వు తగ్గింది. కణితి భయం మాత్రం ప్రతి స్కానుకూ మాతో వస్తూనే ఉంది.

మీ ఇళ్ళలో ఎవరికైనా ఈ ఆపరేషన్ జరిగి ఉంటే, పథ్యం మొదలుపెట్టే ముందు వైద్యుణ్ణి ఒక్కమాట అడగండి. ఆ నెలరోజులూ నాన్నగారు నోరెత్తకపోవడం నాకు ఇప్పటికీ మింగుడుపడదు.