పాత అకార్డ్, ఐదేళ్ల ఖాతా

కారు పాతబడేకొద్దీ దాని ధర పడిపోతుంది, విడిభాగాల ధర మాత్రం పడిపోదు. పెద్ద కారును సెకండ్ హ్యాండ్‌లో కొనాలని ముచ్చటపడి సలహా అడిగేవాళ్లకు నేను ముందు చెప్పే మాట ఇదే. షోరూమ్‌లో ఇరవై లక్షలు పలికిన బండి పదేళ్లు తిరిగేసరికి మూడున్నర లక్షలకు వస్తుంది. హెడ్‌లైటు పగిలితే మాత్రం ఆ ఇరవై లక్షల బండి హెడ్‌లైటే తెచ్చుకోవాలి. చిన్న కారు ధరకు వచ్చింది కదా, చిన్న కారు ఖర్చుతోనే నడుస్తుందనుకుని కొన్నవాళ్లు ఏడాది తిరక్కుండా అమ్ముకోవడం మా విజయవాడ ఆటోనగర్‌లో తరచూ చూసేదే.

నేను 2020లో 2011 మోడల్ హోండా అకార్డ్‌ను రూ.3.60 లక్షలకు కొన్నాను. 2.4 లీటర్ల పెట్రోలు ఇంజిను, ఐదు గేర్ల ఆటోమేటిక్. అదే డబ్బుకు స్కోడా సూపర్బ్‌లు కూడా వచ్చాయి. వెనక సీట్లో కూర్చుంటే దిగబుద్ధి కాదు, అంత బాగుంటుంది. కానీ నేను చూసిన 1.8 టర్బో పెట్రోలు బండికి ఉన్నది ఏడు గేర్ల డ్రై క్లచ్ డీఎస్‌జీ గేర్‌బాక్సు. అందులో గేర్లను నడిపే మెకట్రానిక్ యూనిట్ పోతే బిల్లు లక్ష దాటే ప్రమాదం ఉంటుంది. అకార్డ్ గేర్‌బాక్సు పాత పద్ధతి టార్క్ కన్వర్టర్ రకం. ఇంజినుకు టైమింగ్ బెల్టు బదులు చైను ఉంటుంది కాబట్టి ఇన్ని వేల కిలోమీటర్లకోసారి బెల్టు మార్చాలన్న గొడవ లేదు. పాత బండిలో నాకు హంగుల కంటే ఇలాంటివే ముఖ్యం.

బండికి రూ.3.60 లక్షలు ఇచ్చిన రోజే ఇంకో లక్షన్నర వేరే ఖాతాలో వేశాను. దానికి తోడు నెలకు రూ.5,000 రికరింగ్ డిపాజిట్. ఈ లక్షన్నర చేతిలో లేకపోతే బండి జోలికే వెళ్లేవాణ్ని కాదు. ధరలో నలభై శాతం దాకా పక్కన పెట్టలేనివాళ్లు పెద్ద బండి వదిలేసి చిన్నది చూసుకోవడం మేలని నా గట్టి అభిప్రాయం. సెకండ్ హ్యాండ్ కారుకు అప్పు తీసుకోవడం నాకు అసలు నచ్చదు. కొత్త కారు అప్పు కంటే వడ్డీ బాగా ఎక్కువ, పైగా ఆ కిస్తీలు నడుస్తుండగానే మరమ్మతులు వచ్చి మీద పడతాయి.

బండిని చూడ్డానికి పొద్దున్నే వెళ్లాలి, ఇంజిను చల్లగా ఉన్నప్పుడు. ముందే స్టార్ట్ చేసి వేడెక్కించి ఉంచితే చాలా చప్పుళ్లు దాగిపోతాయి. అందుకే వెళ్లగానే బానెట్ మీద చెయ్యి పెట్టి చూస్తాను. తర్వాత సీటు బెల్టును చివరిదాకా బయటికి లాగాలి. వరదలో మునిగిన బండిని ఎంత కడిగినా, ఎప్పుడూ బయటికి రాని ఆ చివరి జానెడు పట్టీ మీద బురద చార మిగిలే ఉంటుంది. 2020 అక్టోబరులో హైదరాబాద్‌లో కార్లు నీట మునిగాయి, 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి మా ఊళ్లోనూ మునిగాయి. ఆ బండ్లు ఎక్కడో ఒకచోట అమ్మకానికి వస్తూనే ఉంటాయి. ఇక టైరు పక్కన అచ్చయిన నాలుగంకెలు. 2318 అని ఉంటే 2018లో ఇరవైమూడో వారంలో తయారైనదని అర్థం. మీటరు నలభై వేలే చూపిస్తున్నా టైర్లు అప్పటికే రెండోసారి మార్చినవై ఉంటే, ఆ మీటరును నమ్మక్కర్లేదు.

కాగితాల్లో ఒక చిక్కుంది. నంబరు ప్లేటు మీద ఏపీ 09 అని ఉన్నంత మాత్రాన అది ఆంధ్రప్రదేశ్ బండి అయిపోదు. 2014 జూన్‌కు ముందు హైదరాబాద్‌లో రిజిస్టరైన బండ్లకూ ఏపీ నంబర్లే ఉన్నాయి, వాటి రికార్డు తెలంగాణ రవాణా శాఖ దగ్గర ఉంటుంది. ఇటు తెచ్చుకోవాలంటే అక్కడి ఎన్‌ఓసీ కావాలి, ఇక్కడ లైఫ్ ట్యాక్స్ సంగతి తేల్చుకోవాలి. ఆ తిరుగుడు లేకుండా నేను మా వైపు నంబరైన ఏపీ 16 బండే చూసుకున్నాను. ఫారం 29, 30 మీద సంతకాలు, పాత బ్యాంకు అప్పు తీరినట్టు ఫారం 35, పెండింగ్ చలాన్లు చూసుకున్నాకే మిగతా డబ్బు ఇచ్చాను.

మొదటి మూడు నెలల్లో రూ.85,000 ఖర్చుపెట్టాను. అనుకోకుండా వచ్చిన ఖర్చు కాదది, కొన్న ధరలో కలిపేసుకున్నదే. ఇంజిన్ మౌంటింగులు, ముందు షాక్‌లు, లోయర్ ఆర్మ్‌లు, బ్రేక్ ప్యాడ్‌లు, బ్యాటరీ. ఆర్మ్‌ల దగ్గర కంపెనీ సర్వీసులో చెప్పిన రేటు విని, బుష్‌లు ఒక్కటే మార్చితే సరిపోతుందేమోనని ఆటోనగర్‌లో మా మేస్త్రీని అడిగాను.

“బుష్‌లు వేస్తాను సార్, ఏడాది నడుస్తాయి. బాల్ జాయింటు కూడా లూజుంది చూడండి,” అని చక్రాన్ని కిందా పైనా పట్టుకుని ఊపాడు. లోపల టక్కుమంది. “ఇప్పుడు మూడు వేలు మిగులుతాయి. వచ్చే ఏడు మళ్లీ విప్పాలి, మళ్లీ కూలి, మళ్లీ అలైన్‌మెంటు.”

“మరి ఆర్మే మార్చేద్దాం మేస్త్రీ గారూ,” అన్నాను. అక్కడ కూలి తక్కువే, కానీ ఒకే చోటును రెండుసార్లు విప్పిస్తే ఆ మిగులు ఉండదు.

గేర్ ఆయిలు విషయంలోనూ ఆయన పద్ధతి నాకు నచ్చింది. ప్లగ్గు విప్పితే పాత ఆయిలు మూడు లీటర్లలోపే దిగుతుంది, మిగతాది టార్క్ కన్వర్టర్‌లోనే ఉండిపోతుంది. మిషను పెట్టి ఒత్తిడితో మొత్తం కడిగేయకుండా, కొన్ని వారాల తేడాతో విడతలుగా దించి నింపాడు. మొదటి విడత దిగింది నల్లగా డికాషనులా ఉంది, చివరిది ఎర్రగా వచ్చింది.

బీమా గురించి ఎక్కువమంది ఆలోచించరు. 1500 సీసీ దాటిన కారుకు థర్డ్ పార్టీ ప్రీమియమే రూ.7,897, దానిపైన జీఎస్టీ. ఓన్ డ్యామేజీ క్లెయిములో పదేళ్లు దాటిన బండి లోహపు భాగాల మీద సగం కోత, రబ్బరు, ప్లాస్టిక్ భాగాల మీదా సగం కోత. మరమ్మతు ఖర్చు ఐడీవీలో, అంటే పాలసీలో రాసిన బండి విలువలో, 75 శాతం దాటితే దాన్ని టోటల్ లాస్‌గా లెక్కగడతారు. నా బండి ఐడీవీ రెండున్నర లక్షలు. అంటే ముందు బంపరు, రెండు హెడ్‌లైట్లు, రేడియేటరు, బానెట్, ఎయిర్‌బ్యాగులు కలిసి దెబ్బతింటే రూ.1,87,500 దాటడం కష్టమేమీ కాదు. ఇంజిను భేషుగ్గా ఉన్న బండి కూడా అక్కడితో ఆగిపోవచ్చు. అందుకే ఐడీవీ తగ్గించి ప్రీమియం మిగుల్చుకుందామని ఏజెంటు అన్నప్పుడల్లా నేను ఒప్పుకోను.

ఇప్పుడు ఐదేళ్ల ఖాతా. అప్పట్లో నా ముందున్న రెండో దారి పదిహేను లక్షల కొత్త కారు. పన్నెండు లక్షలు అప్పు చేసి తొమ్మిది శాతం వడ్డీకి ఐదేళ్లు కడితే నెలకు దాదాపు రూ.24,900, వడ్డీ మూడు లక్షలకు కాస్త తక్కువ. ఐదేళ్లలో ధర పడిపోవడం ఏడు లక్షలు, బీమా, సర్వీసులు రెండు లక్షలు అనుకుంటే పన్నెండు లక్షలు. నా అకార్డ్‌ను ఇప్పుడు రెండు లక్షలకు అడుగుతున్నారు, కాబట్టి ధరలో నష్టం రూ.1.60 లక్షలు. మొదటి రూ.85,000, టైర్లు, ఏసీ కంప్రెసర్‌తో సహా మరమ్మతులు నాలుగు లక్షలు. బీమా ముప్పావు లక్ష. పెట్రోలు దగ్గర మాత్రం బాగా పోయింది. లీటరుకు తొమ్మిది కిలోమీటర్లు ఇస్తుంది, కొత్తదైతే పదిహేను ఇచ్చేది. నెలకు 800 కిలోమీటర్లు తిరిగే నాకు లీటరు రూ.110 లెక్కన నెలకు రూ.3,900 అదనం, ఐదేళ్లకు రూ.2.35 లక్షలు. మొత్తం రూ.8.70 లక్షలు.

మిగిలింది మూడు లక్షల పైచిలుకు. పాత పెద్దకారు కొంటే సగానికి సగం ఆదా అని చెప్పేవాళ్లు పెట్రోలును లెక్కలోకి తీసుకోరు. నేను నెలకు 1,500 కిలోమీటర్లు తిరిగేవాణ్నయితే పెట్రోలు అదనమే రూ.4.40 లక్షలయ్యేది. మిగులు లక్షకు దిగేది, ఒక్క గేర్‌బాక్సు పనితో అదీ పోయేది. రోజూ గుంటూరు వెళ్లి వచ్చే ఉద్యోగి అయిన మా తమ్ముడికి ఇలాంటి బండి వద్దని అందుకే చెప్పాను, వాడు చిన్న కారు కొన్నాడు. నాకు ఆఫీసు దగ్గరే. నెలకోసారి అమ్మను రాజమండ్రి తీసుకెళ్తాను. మోకాళ్ల నొప్పులతో చిన్న కార్లు ఎక్కడానికి ఇబ్బందిపడే మనిషి ఈ వెనక సీట్లో కాళ్లు చాపుకుని కూర్చుంటుంది. ఆ సుఖానికి నేను ఖాతాలో అంకె వేయలేదు గానీ, నిర్ణయంలో దానికి పెద్ద వాటా ఉంది.

వచ్చే మార్చితో బండికి పదిహేనేళ్లు నిండుతాయి. ఆర్‌సీ రెన్యువల్ ఫీజు 2022 ఏప్రిల్‌లో రూ.600 నుంచి రూ.5,000 అయింది. ఫిట్‌నెస్ పాసైతే మరో ఐదేళ్లు, గ్రీన్ ట్యాక్స్ అదనం. రెన్యువల్ చేయించడానికే నిశ్చయించుకున్నాను. ఒక్క బిల్లు లక్ష దాటితే, అంటే ఇవాళ్టి అమ్మకం ధరలో సగం, అప్పుడు బాగుచేయించకుండా అమ్మేస్తాను. అందాకా ఖాతాలో డబ్బుంది. ముందు షాక్‌ల దగ్గర ఆయిలు చెమ్మ మళ్లీ కనిపిస్తోంది, సంక్రాంతి ప్రయాణం అయ్యాక ఫిట్‌నెస్‌కు వెళ్లేలోపు వాటిని మార్పించాలి.