కొండలెక్కే కాళ్లు సైట్‌లో ఎందుకు తడబడతాయి?

నేను హాస్టల్‌లో ఉండి డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్నా. మా ఇంట్లో కాలేజీకి వచ్చింది నేనే మొదలు. తునికాకు పని అయిపోగానే మా ఊరి పిల్లలం చాలామందిమి హైదరాబాద్‌లో బిల్డింగ్ పనులకు పోతాం. ఫీజులు, పుస్తకాలు ఆ కూలితోనే. ఈ ఎండాకాలం పోయే తమ్ముళ్లు, చెల్లెళ్ల కోసం ఇది రాస్తున్నా.

సైట్‌లో మనల్ని చూసి "కొండలెక్కేటోళ్లు, మీకేం కాదులే" అంటారు. ఆ మాట నమ్మొద్దు. అడవి బాటలో నిన్నటి రాయి ఇవాళ కూడా అక్కడే ఉంటది. సైట్‌లో పొద్దున నడిచిన దారి మధ్యాహ్నానికి మారిపోతది. ఇటుక ముక్కలు, మేకులున్న సెంట్రింగ్ చెక్కలు, కరెంటు వైర్లు, క్యూరింగ్ నీళ్లు అడ్డమొస్తాయి. తల మీద తట్ట ఉంటే మన కాళ్లే మనకు కనపడవు. ఎండలోంచి చీకటి మెట్ల మీదికి పోతే కాసేపు కళ్లు ఆనవు.

పోయినేడు మా బావ పడింది పరంజా మీద నుంచి కాదు, మెట్ల మీద ఇటుక ముక్క తగిలి. మణికట్టు విరిగింది. రెండు నెలలు కూలి లేదు. "చూసుకొని నడవాలి గదా" అన్నారు. నిజమే. కానీ ఆ మెట్లు ఊడ్చే పని ఎవరిదో ముందు ఎవరూ చెప్పలేదు.

అందుకే పని మొదలయ్యే ముందు, అన్నం తిన్నాక, నడిచే దారి ఊడ్వాలి. దాన్ని కూడా పనిలోనే లెక్కగట్టమని మేస్త్రిని అడగండి. వైర్లు గోడ వెంట పైకి కట్టించండి. మెట్లకు బల్బు పెట్టమనండి. హవాయి చెప్పులతో పోవద్దు.

ఇంకొకటి బాగా గుర్తుపెట్టుకోండి. స్లాబ్ మీద ప్లైవుడ్ ముక్క కనపడితే ఊరికే లేపొద్దు. దాని కింద పైపుల కోసం వదిలిన గుంత ఉండొచ్చు. చెక్క ఎత్తి పట్టుకుంటే ముందేముందో కనపడక, ఒక్క అడుగుతో అందులోనే పడతాం. మూత కదలకుండా బిగించి, పైన పెయింట్‌తో "గుంత" అని రాయించాలి.

ఒక్కరే అడిగితే "రేపు రావొద్దు" అంటారేమోనని భయం ఉంటది. ముఠా అంతా కలిసి అడగండి. కూలీల భద్రత యజమాని బాధ్యతేనని చట్టమే చెప్తది. 18 నుంచి 60 ఏళ్ల లోపు వాళ్లు, ఏడాదిలో 90 రోజులు ఈ పని చేస్తే సంక్షేమ బోర్డులో పేరు నమోదు చేసుకోవచ్చు. సెలవుల్లో పోయే మనకు అన్ని రోజులు నిండవు. ఏడాదంతా అక్కడే ఉండే మన అన్నలకు, వదినలకు నిండుతాయి. వాళ్లలో చాలామందికి ఫారం నింపడం రాదు. మనకు వచ్చు. ఈసారి పోయినప్పుడు ఒక ఆదివారం వాళ్ల దగ్గర కూర్చొని ఆ పని చేసి పెట్టండి.